బావినీటి జమాఖర్చు: పల్లపు సేద్యమున భూగర్భజలమును కొలుచుకొను విధము



తన కమతమున ఎన్ని ఎకరముల ఎన్ని గుంటల భూమి కలదో తెలియని పట్టాదారు లేడు. అందు ఖుష్కి యెంత, తరి యెంత, విత్తన మెంత పట్టును, పన్ను ఎంత, బాకీ ఎంత యను సంగతులు నిద్రలో లేపి యడిగినను చెప్పగలడు. కాని అదే పట్టాదారును "నీ బావిలో ఇప్పుడు ఎంత నీరు కలదు? ఈ యాసంగిలో అది యెన్ని ఎకరములను గట్టెక్కించును?" అని యడిగినచో, "దేవు డిచ్చినంత" అని మాత్రమే చెప్పును.

ఈ యజ్ఞానమువలన కలుగు నష్టము స్వల్పము కాదు. కార్తికమున బావి నిండుగా కనిపించుటచే రైతు ధైర్యముతో వరి నాటును. ఫాల్గుణమున పైరు పాలుపోసుకొను వేళకు బోరు గాలి కక్కును. విత్తనము, ఎరువు, కూలి, నాలుగు మాసముల కష్టము పశువుల మేతపాలగును. అంతట నతడు అప్పుచేసి వేఱొక బోరు వేయించును. అది తప్పిన మఱియొకటి. ఇట్లు నీటికొఱకు చేసిన అప్పు తీర్చుటకు భూమినే అమ్ముకొనిన కుటుంబములు మన సీమలలో పెక్కు కలవు.

భూమి లోపలి నీరు కంటికి కనబడదు గాని లెక్కకు అందనిది కాదు. ఒక త్రాడు, ఒక పీపా, ఒక గడియారము, ఒక పుస్తకము ఉన్నచో ఏ పల్లములోని రైతులైనను తమ నీటి జమాఖర్చును తామే వ్రాసికొనవచ్చును. ఆ విధమును తెలుపుటయే ఈ పత్రము యొక్క ఉద్దేశము.

1. నీరు ఎచ్చట నిలుచును?

భూమి క్రింద నదులు పాఱుచున్నవనియు, ఒకసారి జల పడినచో అది ఎన్నటికి తరుగదనియు పెక్కుమంది నమ్ముదురు. తెలంగాణమునందును, రాయలసీమలో పెక్కుచోట్లను నేల క్రింద నున్నది గ్రానైటు మొదలగు కఠినశిల. అట్టి చోట భూగర్భనదులు లేవు. అచ్చటి భూమి నాలుగు పొరలుగా నుండును. అన్నిటికంటె పైన ఎఱ్ఱమన్ను. దాని క్రింద రాయి కుళ్లి మెత్తబడిన మొరము. దాని క్రింద పగుళ్లు వాఱిన రాయి. ఆ క్రింద పగుళ్లు లేని అఖండశిల. వాననీరు పైమన్నుగుండ దిగి మొరములోను పగుళ్లరాతిలోను నిలుచును. అఖండశిలలో నిలుచుటకు దానికి తావు లేదు.

దీనిని ధాన్యపు పాతరతో పోల్చి చూడుడు. మొరమును పగుళ్లరాయియు పాతర. అఖండశిల దాని అడుగు. పాతరలో గింజలు తక్కువైనపుడు అడుగు త్రవ్వినందువలన గింజలు పెరుగవు.

ఈ సంగతిని శ్రద్ధతో పరిశోధించిన పల్లము ఒకటి మన సమీపముననే కలదు. అది హైదరాబాదునకు దక్షిణమున సుమారు 35 కిలోమీటర్ల దూరములో, రంగారెడ్డి జిల్లా మహేశ్వరము చెంత, 53 చదరపు కిలోమీటర్ల, అనగా సుమారు 13,000 ఎకరముల వైశాల్యముగల పరీవాహక ప్రదేశము. అచ్చట ఏటి సగటు వాన సుమారు 750 మిల్లీమీటర్లు, అనగా 30 అంగుళములు. పైరులు వరి, కూరగాయలు, పూలు, ద్రాక్ష. సేద్యమునకు తోడుచున్న బోరుబావులు ఏడువందలకు పైగా లెక్కకు వచ్చినవి. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారును ఫ్రాన్సుదేశపు భూగర్భ శాస్త్రజ్ఞులును కలసి 1999 మొదలుకొని కొన్ని సంవత్సరములు అచ్చటి బావులను, పైరులను, రాతిని పరీక్షించిరి.

వారు కనుగొన్న విషయములలో రైతు ముఖ్యముగా గుర్తుంచుకొనవలసినవి మూడు. మొదటిది: నీటిని ధారాళముగా నిచ్చు పగుళ్లు పైనుండి సుమారు 35 మీటర్ల లోతు వఱకే, అనగా 115 అడుగుల వఱకే యున్నవి. రెండవది: నీటిమట్టము ఎచ్చట పెరిగి తరుగుచున్నదో ఆ పొరలో తోడుటకు అందు నీరు నూటికి ఒకటిన్నర వంతు కూడ లేదు, వారి లెక్క నూటికి సుమారు 1.4 వంతు. మూడవది: మితిమీఱి తోడుటచే నీటిమట్టము మొరమును విడిచి పగుళ్లరాతిలోనికి దిగిపోయినది. అనగా పాతర పైభాగము అప్పటికే ఖాళీయైనది.

అన్ని నేలలును ఒక్క తీరున నీటి నీయవు. భూగర్భజలముల అంచనాకై మనదేశమున 1997లో నిర్ణయించిన ప్రమాణముల ప్రకారము, నదుల వెంబడి నుండు ఇసుక మేటనేలలు నూటికి సుమారు 16 వంతులు, బంకమేటలు 6 వంతులు, కుళ్లిన గ్రానైటు ఒకటిన్నర మొదలు మూడు వంతులు నీటినిచ్చును. ఏటిగట్టు రైతు తోడినట్లు రాతినేల రైతు తోడరాదని దీనినిబట్టి తెలియగలదు.

2. లోతు పెంచిన నీరు పెరుగునా?

"పొరుగువాడు మున్నూఱు అడుగులు వేయించి నీరు తెచ్చుకొనెను, నేను నన్నూఱు వేయింతును" అని పలుకుట వాడుక. మున్నూఱు అడుగుల బోరులో ఒక్కొక్కపుడు నీరు పడుట నిజమే. కాని ఆ నీరు ఎచ్చటిదో విచారింపవలెను. లోతున అక్కడక్కడ నుండు సన్నని పగుళ్లు పైపొరలోని నీటిని గొట్టమువలె క్రిందికి చేరవేయును గాని, తమలో నిలువ యుంచుకొనజాలవు. కావున లోతుబోరు వేసిన రైతు క్రొత్తనీటిని సంపాదింపలేదు. అందఱిదియైన పాతరలో తన గరిటెను మఱింత లోతునకు దించినాడు, అంతియే. వాని పొరుగువారి బావులు ఎండిన పిమ్మట వాని బోరును ఎండును.

ఇంకొక చిక్కు కలదు. క్రిందికి పోయినకొలది పగుళ్లు తగ్గును గనుక, పైన పది అడుగులలో ఉన్నంత నీరు క్రింది పది అడుగులలో ఉండదు. ఏటికేడు అంతే నీరు తోడుచున్నను మట్టము మునుపటికంటె వేగముగా దిగిపోవును. "మునుపు చైత్రము వఱకు వచ్చెడి బావి ఇప్పుడు మాఘముననే నిలిచిపోవుచున్నది, వానలు అంతగా తగ్గలేదే" యని విస్మయపడు రైతునకు ఇదియే సమాధానము.

మోటల కాలమున ఈ విచారము అంతగా అవసరపడలేదు. ఎద్దులు అలసినపుడు బావియు విశ్రమించెడిది. విద్యుచ్ఛక్తి పంపునకు అలసట లేదు. కావున పూర్వము ఎద్దులు విధించిన హద్దును ఇప్పుడు రైతు తన లెక్కచేతనే విధించుకొనవలెను.

3. నీటిమట్టమును కొలుచుట

లెక్కకు మొదటి మెట్టు మట్టమును కొలుచుట. ఒక్క బావినిబట్టి పల్లమంతటిని నిర్ణయింపరాదు. మిట్టన రెండు, నడుమ మూడు, వాగుచెంత రెండు బావులనైన ఏర్పఱచుకొనవలెను. చెఱువుగట్టు క్రిందనే యున్న బావిని దీనికి తీసికొనరాదు. ఏలయన చెఱువు నిండియున్నంతకాలము ఆ బావి తక్కినవాని స్థితిని చూపదు.

బావియొరపై ఒకచోట సున్నముతో గుర్తు పెట్టి, ఎల్లప్పుడును ఆ గుర్తునుండియే కొలువవలెను. దిగుడుబావికి కొన బరువు కట్టి అడుగుల లెక్కకు ముడులు వేసిన త్రాడు చాలును. బోరుబావికి రెండు తీగెల కొనలు నీటికి తగిలినంతనే చిన్నదీపము వెలుగు సాధనమును వాడుదురు. గ్రామమునకంతటికి అట్టిది ఒకటి చాలును. పంపు నడచుచుండగా గాని, నిలిపిన వెంటనే గాని కొలువరాదు. అపుడు బావిలోని మట్టము చుట్టునున్న భూమిలోని మట్టముకంటె చాల దిగువగా నుండును. రాత్రియెల్ల పంపులు నిలిపి తెల్లవాఱుజామున కొలుచుట మేలు.

పదునైదు దినముల కొకసారి కొలిచి వ్రాసికొనుట ఉత్తమము. అది సాధ్యము కానిచో ఏటికి రెండు పర్యాయములైనను తప్పరాదు. మొదటిది రోహిణికార్తెలో, మృగశిరవానలకు ముందు. అపుడు మట్టము మిక్కిలి అడుగున నుండును. రెండవది విశాఖకార్తెలో, వానలు వెనుకబట్టి యాసంగి నారు పోయుటకు ముందు. అపుడు మిక్కిలి పైన నుండును. ఈ రెంటి నడుమ భేదమే మన లెక్కకంతకు మూలము.

4. తోడిన నీటిని కొలుచుట

పంపు పోయు ధార క్రింద 200 లీటర్ల పీపా నుంచి, అది ఎన్ని సెకండ్లలో నిండునో గడియారముతో చూడవలెను. 40 సెకండ్లలో నిండినచో ఆ పంపు సెకండుకు 5 లీటర్లు పోయుచున్నదన్నమాట. అది దినమునకు 7 గంటలు నడచినచో 1,26,000 లీటర్లు తోడును.

లీటర్ల లెక్క పెద్దది గనుక, సేద్యమునకు ఎకరపుటడుగు లెక్క అనుకూలము. ఒక ఎకరము నేలపై ఒక అడుగు ఎత్తున నిలుచు నీరు ఒక ఎకరపుటడుగు; అది సుమారు 12 లక్షల 33 వేల లీటర్లు. పైన చెప్పిన పంపు ఇంచుమించు పది దినములకు ఒక ఎకరపుటడుగు నీరు తోడును. యాసంగిలో 120 దినములు నడచినచో 12 ఎకరపుటడుగులు తోడును. యాసంగి వరికి ఎకరమునకు నాలుగడుగుల నీరు పట్టునని లెక్కించినచో, ఆ పంపు క్రింద మూడెకరముల వరి పండును. ఈ సంఖ్యలు మీ మీ పంపులనుబట్టి మాఱుచుండును. కావున పీపాతో కొలువకుండ ఊహించి వ్రాయరాదు. ధార మార్గశిరమున నున్నట్లు ఫాల్గుణమున నుండదు గనుక, నెలకొకసారి కొలువవలెను.

తోడిన నీరంతయు ఖర్చు కాదు. వరిమడిలో నిలిచిన నీటిలో కొంత మరల భూమిలోనికి దిగును. మహేశ్వరపు పరిశోధనలో వరికి పెట్టిన నీటిలో సుమారు సగము ఇట్లు తిరిగి దిగుచున్నట్లు తేలినది. ఆరుతడి పైరులకు పెట్టు నీటిలో ఇట్లు దిగునది స్వల్పము. తిరిగి దిగిన భాగమును తీసివేయగా మిగిలినదే అసలు ఖర్చు.

5. ఎండకాలపు లెక్క: నేల గుణమును తెలిసికొనుట

ఒక ఉదాహరణమును తీసికొందము. 2,000 ఎకరముల పల్లము ఒకటి కలదనుకొనుడు. అందు 60 పంపులు. యాసంగిలో 130 ఎకరముల వరి, 160 ఎకరముల ఆరుతడి పైరులు. పంపులన్నియు కలసి తోడినది 720 ఎకరపుటడుగులు.

వరికి పెట్టినది 520. అందు సగము, 260, తిరిగి దిగినది. అసలు ఖర్చు 260.
ఆరుతడికి పెట్టినది 200. అందు అయిదవవంతు, 40, తిరిగి దిగినది. అసలు ఖర్చు 160.
మొత్తము అసలు ఖర్చు 420 ఎకరపుటడుగులు.

విశాఖకార్తె మొదలు రోహిణికార్తె వఱకు మట్టము సగటున 14 అడుగులు దిగినదనుకొనుడు. ఈ కాలమున చెప్పుకొనదగిన వానలు లేవు గనుక, దిగిన మట్టమంతయు తోడుటవలననే దిగినదని చెప్పవచ్చును. 2,000 ఎకరములను 14 అడుగులచే గుణించిన 28,000. ఇంత పరిమాణముగల భూమి ఖాళీయై 420 ఎకరపుటడుగుల నీటిని మాత్రమే యిచ్చినది. అనగా నూటికి ఒకటిన్నర వంతు. ఇదియే ఆ పల్లపు నేల గుణము. మహేశ్వరమున శాస్త్రజ్ఞులు ఉపయోగించిన ప్రధాన సూత్రమును ఇదియే: వాన లేని కాలమున తోడిన నీటినిబట్టి నేల గుణమును తెలిసికొని, దానితో వానకాలపు జమను లెక్కించుట.

6. వానకాలపు లెక్క: జమను తెలిసికొనుట

ఆ పల్లముననే తరువాతి వానకాలమున మట్టము 12 అడుగులు పైకి వచ్చినదనుకొనుడు. రైతు బావిలోనికి తొంగిచూచి "పండ్రెండడుగుల నీరు చేరినది" అని సంతసించును. కాని చేరినది పండ్రెండడుగుల నీరు కాదు. పండ్రెండడుగుల రాతిలో నూటికి ఒకటిన్నర వంతు నీరు. లెక్కించి చూచిన, నేలమీద పఱచినచో రెండంగుళములకంటె కొంచెము ఎక్కువ. మొత్తము 360 ఎకరపుటడుగులు. ముప్పది అంగుళముల వానలో, వానకాలపు పైరులకు తోడినది పోను, యాసంగి కొఱకు మిగిలిన నిల్వ ఇంతియే. బావిని చూచి మోసపోవుట ఇచ్చటనే కలుగుచున్నది.

ఇపుడు పద్దులను ఎదురెదురుగా వ్రాయుడు.

వానకాలపు జమ: 360 ఎకరపుటడుగులు.
క్రిందటి యాసంగి ఖర్చు: 420 ఎకరపుటడుగులు.
లోటు: 60 ఎకరపుటడుగులు.

ఈ యాసంగిలోను క్రిందటివలెనే నాటినచో, వచ్చు రోహిణికార్తెకు మట్టము క్రిందటి రోహిణికంటె రెండడుగులు దిగువనుండును. రెండడుగులు స్వల్పముగా తోచును. కాని పగుళ్లరాయి పొర కొన్ని పదుల అడుగుల మందము మాత్రమే. పదేండ్లు ఇట్లే జరిగిన ఇరువది అడుగులు పోవును. పోయినకొలది నేల గుణమును క్షీణించును. బావులన్నియు ఒక్కమాఱుగా ఎండవు. మిట్టనున్న సన్నకారు రైతు బావి మొదట ఎండును. వాగుచెంత పెద్దరైతు బావి కడపట ఎండును. కావుననే పెద్దరైతునకు ప్రమాదము ఆలస్యముగా తెలియుచున్నది.

7. లోటును పూడ్చుట

లోటు 60 ఎకరపుటడుగులు. వరి ఎకరమునకు అసలు ఖర్చు రెండడుగులు. రాగి, మొక్కజొన్న మొదలగు ఆరుతడి పైరులకు ఈ పల్లపు లెక్క ప్రకారము ఒక అడుగు. కావున 60 ఎకరముల వరిని ఆరుతడికి మార్చినచో లోటు పూడిపోవును. అపుడు వరి 70 ఎకరములు, ఆరుతడి 220 ఎకరములు. ఖర్చు సరిగా 360.

పల్లమున పంపులు 60. అనగా పంపునకు ఒక్క ఎకరము. ప్రతి రైతును ఒక్క ఎకరమున వరికి బదులు ఆరుతడి వేసినచో ఆ పల్లమున నీరు నిలుచును. బీడు పెట్టవలసిన పనిలేదు. కాని ఆ ఒక్క ఎకరమును అందఱును కలసి మార్చవలెను. పదిమంది మాత్రమే మార్చి తక్కినవారు ఊరకున్న, మార్చినవారి నీరు మార్చనివారి మడిలోనికే పోవును. అపుడు మార్చినవాడే తెలివితక్కువవాడుగా కనబడును. ఈ పనిలో నున్న కష్టమంతయు ఇదియే. లెక్కలో కష్టమేమియు లేదు.

వానలు తక్కువైన యేట మట్టము 7 అడుగులు మాత్రమే పైకి వచ్చినచో జమ 210 ఎకరపుటడుగులు మాత్రమే. ఆ యేట వరి మాటయే తలపరాదు. ఆరుతడి కూడ 210 ఎకరములకు మించరాదు. ఈ సంగతి విశాఖకార్తెలో తెలిసిన నారు పోయకుండ నిలువవచ్చును; ఫాల్గుణమున తెలిసిన ప్రయోజనమేమి?

మనుష్యులకును పశువులకును కావలసిన నీటిని మొట్టమొదట తీసి ప్రక్కన పెట్టవలెను. అది మిక్కిలి స్వల్పము. 1,500 జనముగల గ్రామమునకు మనిషికి దినమునకు 55 లీటర్ల చొప్పున 200 దినములకు కావలసినది పదునాలుగు ఎకరపుటడుగులు కూడ కాదు. అనగా ఏడెకరముల యాసంగి వరికి అగు అసలు ఖర్చు. ఏడెకరముల వరికొఱకు ఊరి ఆడువారు ఎండలో బిందెలతో తిరుగవలసివచ్చుట న్యాయమా యని పెద్దలు ఆలోచింపవలెను.

8. కొన్ని ఆక్షేపణలు, సమాధానములు

"చదువు లేని రైతులు ఇది చేయగలరా?" అని కొందఱు సందేహింతురు. చేసి చూపినారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2003 మొదలుకొని కొన్ని సంవత్సరములు, అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశము, మహబూబునగరము, నల్లగొండ అను ఏడు కఱవు జిల్లాలలో, ఆఱువందలకు పైగా పల్లెలలోని స్త్రీపురుషులు తమ బావుల మట్టమును, వానను, పంపుల ధారను తామే కొలిచి, యాసంగికి ముందు సభకూడి నీటి జమాఖర్చును గోడలపై వ్రాసికొనిరి. వారికి ఎవరును నిషేధము విధింపలేదు, జుల్మానా వేయలేదు. లెక్క చూచినపిమ్మట పెక్కుచోట్ల రైతులు తమంతట తామే వరిని తగ్గించి ఆరుతడికి మరలిరి.

"నా భూమిలోని నీరు నాది; అడుగుటకు ఇతరు లెవరు?" అని కొందఱు వాదింతురు. భూమికి హద్దురాళ్లు కలవు గాని, పగుళ్లలోని నీటికి హద్దురాళ్లు లేవు. శాసనమును ఈ విషయమును గుర్తించినది. 2002వ సంవత్సరపు ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్లకు సంబంధించిన చట్టము బావుల నమోదును, క్రొత్తబావులకు అనుమతిని నిర్ణయించినది. కాని శాసనము ఎంతటిదైనను ప్రతి పంపు కడను కాపలా ఉండజాలదు. రైతులు వ్రాసికొనిన పద్దు శాసనముకంటె బలమైనది. ఏలయన అందులో ఎవరి ఖర్చు ఎంతయో అందఱికి తెలియును.

"చెఱువుల పూడిక తీసిన, వాగులకు అడ్డుకట్టలు కట్టిన నీరు పెరుగును గదా?" అని మఱికొందఱు అడుగుదురు. అది మంచిపనియే. తెలంగాణమున 2015లో మిషన్ కాకతీయ పేర చెఱువుల పూడిక తీయుట ప్రారంభించిరి. చెఱువు నిండినచో దాని క్రింది బావులలో ఊట పెరుగుట మనవారికి తరతరములుగా తెలిసినదే. కాని కట్ట కట్టినంతమాత్రమున ఇంత నీరు చేరినదని ముందుగా జమ వ్రాయరాదు. ఎగువ నిలిపిన నీటిలో కొంత దిగువవారికి రావలసినదే కావచ్చును. చేరినదా లేదా యనునది విశాఖకార్తెలో మట్టము చెప్పును. మట్టము చూపినంతయే జమ.

"వరికి పెట్టిన నీరు సగము తిరిగి దిగుచున్నది గదా, నష్టమేమి?" అని అడుగువారును కలరు. ఆ సగమును మరల పైకి తెచ్చుటకు మరల శక్తి ఖర్చగును. అంతియే కాదు, నీరు ఆవిరియగునపుడు లవణములు ఆవిరికావు. తోడినకొలది, దిగినకొలది మిగిలిన నీటిలో లవణములు చిక్కబడును. గ్రానైటు సీమలలో నీటియందు ఫ్లోరైడు సహజముగ నుండును. అది ఎముకలను, పండ్లను చెఱచునని 1937లోనే నాటి నెల్లూరు జిల్లాలో గుర్తించిరి. నీరు తగ్గినకొలది మిగిలిన నీరు చెడిపోవునను మాటను త్రాగునీటి బావిగల ప్రతి గ్రామమును గుర్తుంచుకొనవలెను.

9. ఎచ్చరికలు

ఒక్క యేటి లెక్కపై పూర్తిగా ఆధారపడరాదు. నేల గుణమును మూడు నాలుగు యాసంగులు లెక్కించి సగటు తీయవలెను. పల్లము హద్దును ఊరి పొలిమేరనుబట్టి గాక, వాననీరు ఎటు పాఱునో దానినిబట్టి నిర్ణయింపవలెను. కావున ఒకే వాగు క్రింది రెండు మూడు గ్రామములు కలసి లెక్క వ్రాయుట తగును. నల్లరాతి గోడలు అడ్డుగా పోయిన చోట ఇరుప్రక్కల మట్టము వేఱుగా నుండవచ్చును. అచ్చట రెండు ప్రక్కలను బావులు కొలువవలెను. పైన చూపిన పల్లము ఉదాహరణమునకు కల్పించినది; ఇతర పల్లములకు ఆ సంఖ్యలు చెల్లవు. మీ పల్లపు సంఖ్యలు మీ త్రాడును, మీ పీపాయును చెప్పవలెను.

10. రైతు చేయవలసిన పనులు

రోహిణికార్తెలో మట్టము కొలువవలెను. వానకాలమున వాన కొలిచి వ్రాయవలెను. విశాఖకార్తెలో మరల మట్టము కొలిచి, నారు పోయుటకు ముందు సభకూడి జమను అందఱియెదుట చదువవలెను. త్రాగునీటిని ముందు తీసి, మిగిలినదానిని ఎకరములుగా పంచుకొనవలెను. యాసంగిలో నెలకొకసారి పంపుధారను కొలువవలెను. క్రొత్తబోరునకు అప్పు చేయుటకు ముందు ఈ పుస్తకమును ఒకసారి విప్పి, పాతరలో గింజలు కలవో లేవో చూచుకొనవలెను.

సర్కారు లెక్కలలో బాకీ పడినచో వాయిదా దొరకును. ఒక్కొక్కపుడు మాఫీయు దొరకును. భూమికి పడిన నీటిబాకీకి మాఫీ లేదు. వాన తప్ప దానిని తీర్చువారు లేరు. వాన ఎంత తీర్చినదో కొలిచి తెలిసికొని, దానికి లోబడి నాటుకొనుటయే మన చేతిలోని పని.